కోట మీది చేపలు

పొద్దున రోప్‌వే ఎక్కినప్పటి నుంచి ఓబమ్మ నోరు మూతపడలేదు. ధర్మవరం పట్టుచీరలను జపాన్‌లో ప్రదర్శనకు తెచ్చిన చేనేత సంఘానికి దొరికిన సెలవు అదొక్క రోజే. తక్కిన వాళ్ళు బజారుకు పోయారు. ఓబమ్మ మాత్రం హిమేజీ కోట చూడాల్సిందేనని పట్టుబట్టింది. ఆ కోట కప్పు కొసల మీద తోకలు పైకెత్తిన మట్టి పెంకు చేప బొమ్మలున్నాయి. వాటిని చీర అంచులో నేయాలని ఆమె ఆశ. ఫోటోలో ముఖమే కనిపించింది. తోక ఎట్లా తిరిగిందో, పొలుసులు ఎన్ని వరసలో కంటితో చూడందే ఆమె చేతికి డిజైను రాదు. పై అంతస్తు కిటికీలోంచి అన్నీ కనిపిస్తాయట.

తోడు వచ్చిన సువర్ణది కళ్యాణదుర్గం. బెంగళూరులో జపాన్ వాళ్ళ కంపెనీలో పనిచేస్తుంది కాబట్టి ఆ భాష వచ్చు. హిమేజీ ఊరి పక్కనే ఉన్నాయి కదా అని ముందుగా రోప్‌వేలో కొండ మీది గుళ్ళకు తీసుకుపోయింది. అక్కడ రాళ్ళకు కూడా పచ్చటి పాచి, చెట్ల నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు. అవి చూసి ఓబమ్మ దేవుణ్ణే నిలదీసింది.

"రాళ్ళకు ఇన్ని నీళ్ళు పోస్తాండాడే దేవుడు! మా శెనక్కాయ చేన్లకు ఒక్క వాన పంపితే ఈయన సొమ్మేం పోతాది?"

గుడి ముందు రాతి తొట్టి, వెదురు గరిటె. చేతులు కడుక్కోవడానికని సువర్ణ చెప్పేలోపే ఓబమ్మ దోసిట పట్టి తాగేసింది. తడి చేతిని నెత్తికి రాసుకుంది.

"పెద్దమ్మా, అది తీర్థం కాదు!"

"గుడి కాడ నీళ్ళు తీర్థం కాకుంటే ఇంకేమ్మే? పద, పద, చేపలు కాచుకోనుండాయి."

కోట చేరేసరికి మూడూ ముప్పావు. నాలుగు దాటితే లోపలికి పంపరు. ఉరుకులు పరుగుల మీద వాకిలి దాటారు. అక్కడ చెప్పులు విప్పి, వాళ్ళిచ్చిన సంచిలో వేసుకుని చేత్తో పట్టుకుపోవాలి. మెట్లు అటక నిచ్చెన లాగా నిటారుగా ఉన్నాయి. మగ్గం గుంతలో ముప్పై ఏళ్ళు తొక్కిన కాళ్ళు ఓబమ్మవి. మూడో అంతస్తులోనే సువర్ణ ఆయాసంతో ఆగిపోయింది.

"వయసు పిల్లవి, సిగ్గు లేదా? నిదానంగా రా, నేను పోతాండా!"

ఐదో అంతస్తు చేరి, చివరి మెట్ల మీద కాలు పెట్టబోతూ తల పైకెత్తింది. పైన చిన్న గుడి. జనం వంగి వంగి దండం పెడుతున్నారు. ఓబమ్మ కాలు వెనక్కు తీసుకుంది. చేతిలో చెప్పులతో దేవుని ముందుకా? సంచి గోడవారన పెట్టబోతే కాపలా మనిషి చెయ్యి అడ్డంగా ఊపాడు. పైన చేపలు, చేతిలో చెప్పులు, కోట మూసే వేళ దగ్గర పడుతోంది.

బెంచీ మీద జపాన్ అవ్వ ఒకామె మోకాళ్ళు ఒత్తుకుంటూ కూర్చుని ఉంది. ఓబమ్మ ఆమెకు సంచి చూపింది, పైకి వేలు చూపింది, దండం పెట్టింది. ఆపైన టపటపా లెంపలు వేసుకుంది. అవ్వ కళ్ళు పెద్దవి చేసి చూసింది. మెట్ల వైపు చూసింది, సంచి వైపు చూసింది. ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, సంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నీ కడుపు సల్లగుండ తల్లీ!"

ఓబమ్మ పైకెక్కి దేవునికి ఒక్క దండం పెట్టి కిటికీకి అతుక్కుపోయింది. అదిగో చేప! ఎండలో మెరుస్తూ, తోక విసనకర్రలా విచ్చుకుని, ఇప్పుడే నీళ్ళలోంచి ఎగిరినట్టు! జాకెట్లోంచి కాగితం, పెన్సిల్ తీసింది.

కాసేపటికి సువర్ణ రొప్పుకుంటూ వచ్చింది. రెండు చేతులా రెండు సంచులు.

"కింద ఒక అవ్వ నేను నీ తోడని పోల్చుకుని నీ చెప్పులు నాకిచ్చి మొక్కింది పెద్దమ్మా! ఏం చేసినావు ఆయమ్మను? అయ్యో, దేవుని ముందరికి నేనే తెచ్చేసినానే!"

ఓబమ్మ కిటికీ నుంచి చూపు తిప్పలేదు.

"మాట్లాడించొద్దు, లెక్క తప్పుతాది. పదకొండు... పన్నెండు... ఆ తోక మలుపు చూడే సువర్ణా, దాన్ని చీర అంచులోకి దించాలంటే జరీ రెండు పోగులు పట్టాల!"