యజమాని పేరు

కూరలో ఉప్పెక్కువైతే అది శశికళ వండిన కూర. కుదిరితే అత్తగారు లక్ష్మీనర్సమ్మ కొట్టిన పొడి మహిమ. ఆబిడ్స్‌లో గడియారాల దుకాణం వెనక, రెండు గదుల ఆ కిరాయి ఇంట్లో ఎనిమిదేళ్లుగా నడుస్తున్న చట్టం ఇది. దేశానికి రాజ్యాంగం వచ్చి నాలుగేళ్లే అయింది. ఈ ఇంటిది అంతకన్నా పాతది, సవరణలు కూడా లేనిది. ఆ రోజు పొద్దున పప్పులో ఉప్పెక్కువైంది. భర్త వామన్‌రావు మొదటి ముద్ద మింగి, "ధ్యాసంత నౌకరీ మీదనాయె. పొయ్యి మీద ఎందుకుంటది?" అన్నాడు. "పొరపాటైంది" అంది శశికళ. నిజానికి ఆ పప్పు వండింది అత్తగారు. ఆవిడ ఏమీ ఎరగనట్టు మజ్జిగ కలుపుకుంటూ కూర్చుంది.

ఆ నౌకరీ నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, తల్లీపిల్లల సంక్షేమ కేంద్రంలో. ఇంటింటికీ తిరిగి కడుపుతో ఉన్నవాళ్లనూ బాలింతలనూ చూసి వచ్చే విజిటర్లు నలుగురున్నారు. వాళ్ల మీద సూపర్‌వైజరు శశికళ. ఏ ఇంటికి ఎవరు పోవాలి, ఎన్నాళ్లకోసారి పోవాలి, ఎవరిని దవాఖానకు పంపాలి, అంతా ఆమే చూడాలి. ఇంటికో కార్డు, దాని పైన ఇంటి యజమాని పేరు. పొద్దున ఆమె చేతికిచ్చిన కార్డులు పట్టుకుని వాళ్లు గల్లీల్లోకి పోతారు, సాయంత్రం తెచ్చి ఇస్తారు. రాతలో చిన్న తేడా వచ్చినా శశికళ ఊరుకోదు. ఇంట్లో నోరెత్తని మనిషికి ఇక్కడ ఇంత నోరెక్కడిదంటే, చేతిలో ఎర్ర పెన్సిల్ ఉన్నంతసేపే ఆమె మాటకు విలువ. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

మూడు రోజుల కిందట డాక్టరు సాబ్ దగ్గర్నుంచి కాగితం వచ్చింది. ఫలానా గల్లీలో పోశవ్వ అనే ఎనిమిది నెలల గర్భిణికి కళ్లు తేలిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంటే రిక్షాలో దవాఖానకు తెచ్చారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ ఇంటికి రెండు నెలలుగా విజిటరు ఎందుకు పోలేదు? బాధ్యులెవరు? సూపర్‌వైజరు సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. ఆ గల్లీ నర్మదది. మొగుడు వదిలేస్తే తల్లిని తనే సాకుతున్న మనిషి. ఆమెది టెంపరరీ పోస్టు. బాధ్యురాలు నర్మద అని శశికళ ఒక్క మాట రాస్తే మర్నాటి నుంచి ఆమె రానక్కర్లేదు.

ఇంగ్లీషులో సంజాయిషీ వామన్‌రావు అప్పుడే రాసిపెట్టాడు. బషీర్‌బాగ్ ఆఫీసులో గుమాస్తా ఆయన. భార్య కాగితాలన్నీ ఆయనే రాస్తాడు, రాసినప్పుడల్లా "నాదొక నౌకరీ, నీదొక నౌకరీ, రెండు చేస్తున్న" అంటాడు. చుట్టాల ముందైతే మరీ గట్టిగా అంటాడు. రోజంతా నాంపల్లి గల్లీల లెక్క చూసొచ్చి, ఇంటికొచ్చి అంట్లు తోముకునేది ఎవరో ఆ చుట్టాలెవరూ అడగరు.

"సంతకం చెయ్యి. విజిటరు నర్మద సూచనలు పాటించలే అని రాసిన" అన్నాడు.

"ఏ సూచనలండి?"

"ఏవో ఒకటి! ఆఫీసుల గట్లనే రాస్తరు. తప్పు ఎవరో ఒకరి మీద పడాలె గద. కిందోళ్ల మీద పడితే ఎవ్వరికీ ఫికర్ ఉండదు. వచ్చే నెల నీ పోస్టు పర్మనెంటు అయితది. జర అకల్ తోని, తెలివితోని ఉండు."

శశికళ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మొజంజాహీ మార్కెట్ పక్కనుంచి నడిచిపోతూ, ఏ సూచనలు ఇచ్చానా అని వెతుక్కుంది. వెతకాల్సిన పనేముంది, అన్నీ గుర్తే.

కేంద్రంలో ఇంకా ఎవరూ రాలేదు. కార్డుల పెట్టె తీసింది. మే నెలలో నర్మద తెచ్చిన పోశవ్వ కార్డు దొరికింది. పైన "పోశవ్వ, ఆరో నెల. కాళ్ల వాపు ఉంది. ప్రతి వారం చూడాలి" అని గుండ్రటి అక్షరాలు. పోశవ్వ పేరు మీద అడ్డంగా ఎర్ర గీత. పక్కన తన చేతిరాత: "యజమాని పేరేది?" నర్మద మళ్లీ పోయి అడిగింది. మొగుడి పేరు అడిగితే ఏ ఆడది చెబుతుంది? పోశవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందట, "గదెట్ల తీస్త నోట్లె" అన్నదట. పొయ్యి దగ్గరున్న అత్త అందుకుని, ఇంటికి పెద్దోడు బిచ్చయ్య, ఆ పేరే రాసుకొమ్మంది. బిచ్చయ్య పోశవ్వకు బావ. పోశవ్వ మొగుడు దుర్గయ్య పొద్దున్నే ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మొయ్యడానికి పోయాడు, ఆ పూట ఇంట్లో లేడు. నర్మద రాసుకొచ్చింది. పెట్టెలో బిచ్చయ్య పేరున అదే ఇంటి కార్డు ముందే ఒకటుంది, బిచ్చయ్య భార్యది. కానుపై నాలుగు నెలలైంది, తల్లీబిడ్డా బాగున్నారు. ఒకే ఇంటికి రెండు కార్డులేమిటని శశికళ విసుక్కుని, కొత్తదాన్ని పాతదాని వెనక పెట్టి గుండుసూది గుచ్చి, "రెండు నెలలకోసారి చాలు" అని రాసింది. అది కూడా ఎర్ర పెన్సిల్‌తోనే.

నర్మద వచ్చి అడిగింది కూడా. "అమ్మా, ఆ పోశవ్వ కార్డు నా కట్టల వస్తలేదు" అంది. అప్పుడు తనేమంది? "కార్డు ఉన్న ఇండ్లకు పో. ఊరంతా తిరగమని ఎవరు చెప్పిన్రు నీకు?" అంది.

గుండుసూది తీసి రెండు కార్డులూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుంది శశికళ. కాళ్లు వాచింది ఎవరికి, బిచ్చయ్యకా? బిడ్డను మోసింది బిచ్చయ్యా? ఆ కార్డులో ఉన్న ప్రతి మాటా పోశవ్వ ఒంటి గురించే కదా, ఆ మనిషి పేరు మీదే నేనెందుకు గీత కొట్టాను? ఎవరో నేర్పారు, నేర్చుకున్నాను. నేర్పినవాళ్లు నా పేరు కూడా అట్లాగే రాస్తారు, వామన్‌రావు భార్య అని. అది చూసి నాకెప్పుడూ తప్పనిపించలేదే! పైగా ఇది నా పెత్తనమని మురిసిపోయాను. ఇంటి దగ్గర నన్నెట్లా నోరు మూయించారో, ఇక్కడ నర్మదను అట్లాగే నోరు మూయించాను. ఏడుపొచ్చింది. ఏడిస్తే పని కాదని కళ్లు తుడుచుకుంది.

నర్మద లోపలికొచ్చింది. బల్ల మీద కార్డులు చూసింది. కోప్పడుతుందనుకుంది శశికళ, కోప్పడితే బాగుండుననుకుంది.

"తప్పు నాదేనమ్మా" అంది నర్మద. "మీరొద్దన్నా పోవాల్సుండె. పోకుండ ఉన్న. నా మీదనే రాయుండ్రి."

పొద్దున ఉప్పుకు తను చెప్పిన మాట కూడా ఇట్లాంటిదే. చెయ్యని పప్పుకు తను ఒప్పుకున్నట్టు, చెయ్యని తప్పుకు ఈమె ఒప్పుకుంటోంది. ఎవరో ఒకరు ఒప్పుకుంటే గొడవ ఆగుతుందని ఆడవాళ్లకు ఎంత బాగా తెలుసు! శశికళకు ఒళ్లు మండింది, తన మీదే.

"కూసో నర్మదా. నీ తప్పు ఒక్కటి చూపించు నాకు. ఒక్కటి."

నర్మద కార్డు తిప్పి చూసి మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

వామన్‌రావు రాసిన కాగితాన్ని తిరగేసి, దాని వెనకవైపే శశికళ తెలుగులో రాసింది. గర్భిణి పేరు కొట్టేసింది నేను. కార్డును వేరే కార్డు వెనక పెట్టింది నేను. విజిటరు అడిగినా పోనివ్వనిది నేను. బాధ్యత నాది. నాలుగు వాక్యాలే. కింద సంతకం చేసి, రెండు కార్డులూ జతచేసి తీసుకుపోయి డాక్టరు సాబ్ ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఇట్ల రాస్తే పర్మనెంటు సంగతి ఆగిపోతది. తెలుసా?"

"తెలుసండి."

"మీ ఆయన్ను అడిగిన్రా?"

"కార్డు మీద గీత కొట్టింది నేనండి. ఆయన కాదు."

ఆయన కాగితాన్ని ఫైలులో పెట్టుకున్నాడు. నర్మద ఉద్యోగం నిలిచింది. శశికళ పర్మనెంటు ఆగింది. ఇక మీదట కార్డు ఆడమనిషి పేరున ఉండాలని ఆమె అడిగితే, "మీ ఇష్టం, రాసుకోండి" అన్నాడు. నలుగురు విజిటర్లూ, ఆమె కూడా కూర్చుని వారం రోజుల్లో మూడు వందల పైచిలుకు కార్డులు తిరగరాశారు. ఇంట్లో వామన్‌రావు అలిగి మాట్లాడడం మానేశాడు. అత్తగారు "ఇల్లు ముంచింది" అని పక్కింటావిడతో చెప్పుకుంది. ఇల్లేమీ మునగలేదు, మాటలు తగ్గి ప్రాణం హాయిగానే ఉంది.

అయినా ఒక పని మిగిలిపోయింది. డాక్టరుకు రాసి ఇవ్వడం తేలిక. ఎవరికి అన్యాయం జరిగిందో ఆ మనిషికి ఇంతవరకూ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం నర్మదను వెంటబెట్టుకుని పోయింది.

పోశవ్వ గడప లోపల చాప మీద గోడకు ఆనుకుని ఉంది. వాపు దిగిన ముఖం పాలిపోయి ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో. అత్త పీట వేసి, అడక్కుండానే మొదలుపెట్టింది. "ఏం జెయ్యాలమ్మా, మా గాచారం. గ్రానం నాడు బయటికి పోకే అంటె పోయె. ఈ నీళ్ల కుండలు మొయ్యకే అంటె మోసె. చెప్పిన మాట ఇంటె గదా? పండసొంటి కొడుకు, మింగి కూసున్నది."

మరి ఆ నీళ్లు ఇంకెవరు తెచ్చేవాళ్లో ఆవిడ చెప్పలేదు.

శశికళ పీట మీద కూర్చోలేదు. పోశవ్వ ముందు కింద కూర్చుంది.

"గ్రహణం కాదు పోశవ్వా. నీ కాళ్లు వాచినయని నర్మద రాసుకొచ్చింది. వారం వారం రావాలన్నది. నీ కార్డు నేను పక్కన పెట్టిన. రానియ్యలే. వస్తే దవాఖానకు ముందే తోలుకపోతుండె. తప్పు నాది."

"అయ్యో, గదేం మాటమ్మా, గంత పెద్దోళ్లు!" అంటూ అత్త కంగారుపడింది. నర్మద తల వంచుకుంది.

పోశవ్వ శశికళ ముఖంలోకి చూసింది. ఊరడించలేదు, పోనీలెమ్మని అనలేదు.

"ఔ, నీదే" అంది. అని, అత్త వైపు తిరిగింది. "ఇన్నవా? ఇన్ని దినాలు అందరు నాదే అన్నరు."