గాలిని తడిపే సీసా

నేను ఒక సీసాను. మందు సీసాను కాను, సారా సీసాను అసలే కాను. ఆసుపత్రి గోడకు, ఆక్సిజన్ వచ్చే గొట్టం కింద వేలాడుతూ, సగం నీళ్లతో గుడగుడలాడే ప్లాస్టిక్ సీసాను. మీ వాళ్లెవరికైనా ఊపిరాడక ఊపిరితిత్తుల వార్డుకు పరుగెత్తి ఉంటే నన్ను చూసే ఉంటారు. చూడటమేమిటి, కళ్లార్పకుండా నన్నే చూస్తూ కూర్చుని ఉంటారు. టీవీని కూడా మనుషులు అంత శ్రద్ధగా చూడరు.

నిజానికి నా పని చాలా చిన్నది. ఆక్సిజన్ పొడిగాలి. దాన్ని అలాగే ముక్కులోకి పంపితే లోపలంతా ఎండిపోయి మంట పుడుతుంది. అందుకని ఆ గాలి ముందు నా నీళ్లలో మునిగి, బుడగలై పైకొచ్చి, కాస్త తడి పట్టుకుని రోగి దగ్గరికి వెళ్తుంది. అంతే. ఊపిరి పోసేది నేను కాదు. ఎంత గాలి వెళ్తోందో చెప్పేది కూడా నేను కాదు. నా పైన గాజు గొట్టంలో ఒక చిన్న గోళీ ఉంటుంది, అది ఏ గీత దగ్గర తేలితే అదే లెక్క. కానీ డాక్టర్లు, నర్సులు తప్ప ఆ గోళీ ముఖం ఎవరూ చూడరు. పాపం, అది నోరు మెదపదు. నేను చప్పుడు చేస్తాను. చప్పుడు చేసేవాళ్లే పని చేస్తున్నారనుకోవడం మనుషులకు అలవాటు కదా.

ఏదో ఊరవతల ఫ్యాక్టరీలో వేడి ప్లాస్టిక్‌ను అచ్చులో పోసి నన్ను చేశారు. తోబుట్టువులతో కలిసి అట్టపెట్టెలో ప్రయాణం చేసి రాయలసీమలో ఒక పెద్దాసుపత్రికి చేరాను. అక్కడ నాకు జరిగిన మర్యాదలు ఇన్నీ అన్నీ కావు. ముక్కు బాగా తెరుచుకుంటుందని ఒకాయన ఎవరూ చూడకుండా నాలో నీలగిరి తైలం పోశాడు. వార్డంతా ఘుమఘుమలాడి, రోగి మాత్రం దగ్గి దగ్గి ఎర్రబడ్డాడు. ఆయుధపూజ నాడు ఆయాలు గుమ్మానికీ మంచాలకీ బొట్టు పెట్టి, నాకూ ఇంత కుంకుమ అద్దారు. ఆ రోజు కొంచెం గర్వపడ్డాను, దాచడమెందుకు.

ఆ వార్డును నడిపేది సిస్టర్ ఎస్తేరు. రోజూ పొద్దున నన్ను విప్పి, కడిగి, కొత్త నీళ్లు గీత వరకే పోసి తగిలించేది. రోగుల దగ్గరికి వెళ్లి, “ఏం కూర తిన్యావు తాతా?” అని అడిగేది. కొత్తలో నేను ఈమెకు తిండి మీద ఇంత ధ్యాస ఏమిటని అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, ఆమెకు కూరతో పనిలేదు. జవాబు చెప్పడానికి ఆ మనిషి మధ్యలో ఎన్నిసార్లు ఆగి గాలి పీలుస్తున్నాడో చూసేది.

ఒక వానాకాలం మౌనాచారి వచ్చాడు. ప్రొద్దుటూరులో కంసాలి. యాభై ఏళ్లు కుంపటి ముందు కూర్చుని బొగ్గుల పొగ, ఆమ్లాల ఆవిరి మింగాడు. అవి చాలవన్నట్టు బీడీలు కూడా. పడుకుంటే ఊపిరాడక, ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీదికి వంగి కూర్చునే ఉండేవాడు. నిద్ర అన్నది లేదు. పక్కనే ఆయన భార్య కనకరత్నం, వీపు రాస్తూ, విసనకర్రతో విసురుతూ.

ఎస్తేరు ముక్కు గొట్టం తగిలించి, గోడకున్న మర తిప్పి గోళీని రెండో గీత దగ్గర నిలిపింది. “అవ్వా, దీన్ని తిప్పద్దు. తాతకు రెండే చాలు,” అని చెప్పి, పిలుపు వస్తే ఇంకో మంచానికి పరుగెత్తింది.

రెండు దగ్గర నేను చేసే చప్పుడు తక్కువే. నాలుగు బుడగలు, నెమ్మదిగా. పక్క మంచం మీద నిమోనియాతో ఒక కుర్ర లాయరు ఉన్నాడు. ఆయనకు చాలా ఎక్కువ గాలి కావాలి గనుక ఆయన సీసా పొయ్యి మీద ఎసరులా తెర్లేది. కనకరత్నం ఆ సీసాను చూసేది, నన్ను చూసేది. మళ్లీ ఆ సీసాను చూసేది.

“చూసినావా అక్కా,” అని ఎదుటి మంచం ఆవిడతో అంది. “ఆయప్పకేమో ఆ తీరున పొంగుతాంది. మాకేమో చుక్కచుక్క ఇదిలిస్తాండారు. అడిగే దిక్కు లేకపోతే గాలికి గూడా కోత పెడతారు.”

ఆమెను తప్పుపట్టకండి. రేషన్ కొట్టు దగ్గరా, బోరింగు దగ్గరా, ప్రతి వరుసలోనూ తమ వంతుకు తక్కువే రావడం చూసిన మనిషి. భర్త కళ్లెదుటే గాలి కోసం కొట్టుకులాడుతుంటే, గోడకున్న గాలిని అడ్డుకుంటున్నది ఒక చిన్న మర అని ఆమెకు తెలుసు. మధ్యాహ్నం అన్నాల వేళ, నర్సులు అటు తిరిగినప్పుడు, చేయి చాచి ఆ మర తిప్పేసింది.

నేను ఎగిరెగిరి పొంగాను. నాకు వేరే దారి లేదు, గాలి ఎంత వస్తే అంత ఆడాలి. కనకరత్నం ముఖం వెలిగింది. కాసేపటికి మౌనాచారి తల వాలింది. దిండు మీద చెంప ఆనించి నిద్రపోయాడు. నీలంగా ఉండే పెదాలు ఎర్రబడ్డాయి, చేతులు వెచ్చబడ్డాయి. ఆమె కళ్లొత్తుకుని, గిన్నెల చప్పుడు చేస్తున్న వాళ్లను నోటి మీద వేలేసి మందలించింది. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఆ వార్డులో నేను అంతవరకు చూడలేదు.

ఎస్తేరు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నా చప్పుడు ఆమెకు గుమ్మంలోనే వినిపించింది. ఒక్క అంగలో వచ్చి గోళీని కిందికి దించి, “తాతా! తాతా!” అని భుజం కుదిపింది.

“లేపద్దమ్మా, నీకు పున్నెముంటాది. ఇప్పుడే కన్నంటుకుండాది,” అని కనకరత్నం ఆమె చేయి పట్టుకుంది.

“ఇది నిద్ర కాదవ్వా,” అంది ఎస్తేరు.

తర్వాత డాక్టరు వచ్చాడు, మంచం తల వైపు పైకి లేచింది, మౌనాచారి ముఖానికి మాస్కు బిగించి గాలి తోసే యంత్రం పెట్టారు. నన్ను పక్కన పెట్టేశారు. పొద్దుగూకినా ఆయన కళ్లు తెరవలేదు. కనకరత్నాన్ని వరండాలో కూర్చోబెట్టారు. తిప్పిన చేతిని కొంగులో చుట్టుకుని, ఒళ్లో పెట్టుకుని, దాన్నే చూస్తూ ఉందట. ఆయాలు చెప్పుకుంటుంటే విన్నాను.

మర్నాడు ఉదయం ఆయన కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు. మాస్కు తీసి, నన్ను మళ్లీ గోడకు తగిలించారు. ఎస్తేరు వరండాలోకి వెళ్లి ఆమెను చేయి పట్టి తీసుకొచ్చింది. కసురుతుందేమో అనుకున్నాను. కసరలేదు.

“తాతలాంటోళ్ల ఒంటికి ఈ గాలి ఎక్కువైతే, ఊపిరి తీయాలనే తెలివి తగ్గిపోతాది. లోపలి చెడ్డగాలి బయటికి పోక మత్తు కమ్ముతాది,” అని నిదానంగా చెప్పింది. “తిప్పద్దంటి గానీ ఎందుకో చెప్పకపోతి. అది నా తప్పు. ఇంగ నువ్వు చూడాల్సింది సీసాను కాదవ్వా, మనిషిని.”

ఆమెకు ఒక పని కూడా అప్పజెప్పింది. దమ్ము వచ్చి ఆయాసపడినప్పుడు మౌనాచారి గాబరాపడి గాలిని గబగబా మింగకుండా, ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలాలి. ఎదురుగా దీపం ఉంటే అది ఊగాలి గానీ ఆరకూడదు. మౌనాచారి నవ్వాడు, నవ్వు దగ్గయింది. “ఊదుగొట్టం పట్టినోడికి... ఊదడం నేర్పిస్తాండావా తల్లీ!” అన్నాడు. కానీ దమ్ము వస్తే ఆయనకు ఆ విద్యంతా మరుపే. అందుకని కనకరత్నం ఎదురుగా కూర్చుని తానూ ఊదాలి, ఆమెను చూసి ఆయన ఊదాలి. అలా ఇద్దరూ ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకుంటూ ఊదుకుంటుంటే వార్డంతా ముసిముసిగా నవ్వేది. నాకు మాత్రం ముచ్చటేసేది.

అయితే ఆమె చేయి మాత్రం ముందుకు రాలేదు. నేనున్న గోడ వైపు అసలు కూర్చునేది కాదు. ముక్కు గొట్టం జారినా సర్దేది కాదు, “సిస్టరమ్మా!” అని కేకేసేది. మందు పీల్చే గొట్టం ఎలా నొక్కాలో నేర్పబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది. ఎస్తేరుకు అదే దిగులు. ఇంటికి పోయాక దమ్ము రాకుండా ఉండదు. అక్కడ సిస్టర్లుండరు. ఉండేది ఈ చేయి ఒక్కటే.

ఒకరోజు మౌనాచారి, “ఆ పొద్దు నాకేమైందే? ఎవరూ చెప్పరు,” అని అడిగాడు.

కనకరత్నం తన కుడిచేతి వైపు చూసుకుంది. “నేనే తిప్పినా. ఎక్కువ పెడితే మేలైతాదనుకుంటి. నిన్ను చంపుకునుండేదాన్ని,” అని ఏడ్చేసింది.

ఆయన ఆమె కుడిచేయి తీసుకుని దిండు మీద పెట్టుకున్నాడు. “ఊరంతా నన్ను... తక్కువ తూచే కంసాలోడనే అనె. నాకు ఎక్కువ తూచింది... నువ్వొక్కదానివే,” అన్నాడు.

నేనిప్పుడు స్టోరు గదిలో ఉన్నాను. నా మూత మర అరిగి గాలి కారుతోందని తీసి ఇక్కడ పడేశారు. రేపో మాపో పాత సామాన్లవాడు వస్తాడు. రానీయండి, నాకేమీ బెంగ లేదు. ఎందరి ఊపిరికో తడి పెట్టాను. అందరూ బతకలేదు. బతికినవాళ్లు నన్ను తలచుకోరు, తలచుకోకపోవడమే మంచిది. ఆసుపత్రి వస్తువు గుర్తుకు రాకపోవడాన్ని మించిన ఆరోగ్యం ఏముంది? కానీ మౌనాచారి ఇంటికి వెళ్లిన రోజు మాత్రం నేను మరిచిపోలేను.

గాలి తగ్గిస్తూ తగ్గిస్తూ వచ్చారు. ఆయన గుమ్మం దాకా నడిచి వచ్చాడు, వేలికి పెట్టిన క్లిప్పులో అంకె చూసి డాక్టరు తల ఊపాడు. ముక్కు గొట్టం తీసేశారు. నేనింకా ఊరికే రెండు బుడగలు వదులుతూ ఉన్నాను. ఎస్తేరు నన్ను ఆపబోయి, చేయి వెనక్కి తీసుకుంది.

“అవ్వా, నువ్వే ఆపు,” అంది.

కనకరత్నం అడ్డంగా తల ఊపింది. ఎస్తేరు పక్కకు జరిగి దారి ఇచ్చింది, అంతే. బలవంతపెట్టలేదు. మౌనాచారి మంచం మీద కూర్చుని భార్యనే చూస్తున్నాడు. ఆమె కొంగులోంచి చేయి తీసింది. మరను పట్టుకుని, కొంచెం, ఇంకొంచెం తిప్పింది. గోళీ అడుగుకు దిగింది. నా నీళ్లు నిలిచిపోయాయి.

అంత నిశ్శబ్దం ఆ మూలకు కొత్త. ఆమె ఉలిక్కిపడి భర్త వైపు తిరిగింది. ఆయన సంచీ చంకన పెట్టుకుని లేచాడు.

“పోదామా ఇంగ?”

“కూచో,” అంది కనకరత్నం. ఆపిన చేతినే ఆయన గుండె మీద ఆనించి, దగ్గరగా చెవి పెట్టింది. “రవ్వంతసేపు ఇననీ.”