లుంగీలో పిస్తోలు

పక్క రూము నర్సింగ్‌కు ఎవరో చెప్పారట, గల్ఫ్ నుంచి దిగినవాళ్లను ఊరి దారిలో దోచుకుంటున్నారని. భార్య యాదవ్వకు బంగారు గొలుసు పట్టుకుపోతున్న, ఒమాన్‌లో మస్కట్ అవతలి సోహార్‌లో మేస్త్రీ అయిన భూమయ్యకు ఆ మాటతో అన్నం సయించలేదు. విమానం దిగగానే పిస్తోలు కొని లుంగీలో దాచుకుందామనుకున్నాడు.

“పెద్ద తూటాదే కొను మామా,” అన్నాడు రూములో ఉండే గంగారాం.

అంత పెద్దది లుంగీలో ఆగుతుందో లేదో చూద్దామని భూమయ్య పిస్తోలుకు బదులు డ్రిల్లు మిషన్ నడుముకు దోపాడు. లుంగీ జారి పాదాల మీద పడింది. చిన్న తూటాదానికి బదులు అత్తరు సీసా దోపితే ఆగింది.

“గిది తాకితే దొంగకు దోమ కుట్టినట్టుంటది,” అన్నాడు గంగారాం.

వీడియో కాల్‌లో అంతా చూస్తున్న యాదవ్వ, మొగుడి వెనక తాళ్లతో బిగించిన అట్టపెట్టె మీద జానెడు అక్షరాలు చదివింది: భూమయ్య, మస్కట్, ఊరి పేరు.

“పిస్తోలు సరే. గా డబ్బను ఏడ దాస్తవ్?”