ఆకుపచ్చ మూతి పిల్లంగోవులు

ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే ఇన్‌స్పెక్టరు ముందు వాళ్ళ చేతుల వంక చూస్తాడు. తూనికలు, కొలతల శాఖలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. తక్కెడ పళ్ళెం కింద అంటించిన అయస్కాంతాలు, అడుగున తొలిచేసిన తూనికరాళ్ళు, లోపలికి సొట్టపెట్టిన లీటరు డబ్బాలు చూసి చూసి, లోకంలో సరిగ్గా తూగేది ఏదీ లేదని ఎప్పుడో తేల్చేసుకున్నాడు. ఇంట్లో పాలు పొంగినా, ఎవరు పొంగించారని అడిగే రకమని భార్య చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది.

అలాంటి మనిషికి నమ్మకమంటూ ఉన్నది ఒక్క తమ్ముడి మీదే. ఆ నమ్మకానికీ తూట్లు పడ్డాయి, అదీ ఒక రేకు పిల్లంగోవి వల్ల.

వాళ్ళ నాన్నది తాళంచెవులు చేసే కొట్టు. ఆయనకి టిన్ విజిళ్ళ పిచ్చి. సన్నటి రేకు గొట్టం, ఆరు కన్నాలు, పైన ప్లాస్టిక్ మూతి, అంతే సరుకు. ఇంట్లో అందరూ పిల్లంగోవులనే అనేవారు. ఊళ్ళు తిరిగే బేరగాళ్ళకి చెప్పి తెప్పించుకుని ఇత్తడివి, నికెల్ పూతవి, జానెడువి, మూరెడువి కలిపి అరవై రెండు పోగేశాడు. రెండేళ్ళ కిందట ఆయన పోయాక కొట్టు నడుపుతున్న తమ్ముడే వాటిని రెండు పెట్టెల్లో సర్ది, ఒక పెట్టె తెచ్చి అన్నకి ఇచ్చాడు. ఎంచి చూసుకోకుండా ఇన్‌స్పెక్టరు పుచ్చుకున్న సరుకు జీవితంలో అదొక్కటే.

అందులో ఒక జంట ఉంది. ఒకే రోజు, ఒకే పొట్లంలోంచి తీసిన రెండు ఆకుపచ్చ మూతి పిల్లంగోవులు. పెట్టెకొకటి వచ్చింది. తనదాని గొట్టం మీద నల్లగీత, తమ్ముడిదాని మీద ఎర్రగీత. తేడా అంతే. నాన్న రోజూ వాయించింది ఈ రెండింట్లో ఒకటని తెలుసుగానీ, ఏదన్నది ఇన్‌స్పెక్టరుకి తెలియదు. ఉద్యోగమంతా క్యాంపులతోనే సరిపోయింది, నాన్న పక్కన కొట్లో కూర్చున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

రిటైరయ్యాక, పొద్దుపోక, నల్లగీతదాన్ని తీసి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కింది స్వరాలు ఫరవాలేదనిపించేవి. పైకి వెళ్ళేసరికి మాత్రం తలుపు సందులో తోక పడ్డ పిల్లిలా కీచుమనేది. ఒకరోజు తమ్ముడి కొట్టు మీదుగా వెళ్తుంటే లోపల తమ్ముడు ఎర్రగీతదాన్ని వాయిస్తూ కనిపించాడు. అవే పై స్వరాలు ఎక్కడా తడబడకుండా, హాయిగా జారిపోతున్నాయి. ఇన్‌స్పెక్టరు కొట్లోకి వెళ్ళలేదు. వీధి మలుపు దాకా వినుకుంటూ నడిచి ఇంటికొచ్చేశాడు.

ఒకే పొట్లంలోవి రెండు, ఒకటి పాడుతుంది, ఒకటి ఏడుస్తుంది. ఎందుకు? నాన్న ఎప్పుడో అన్నమాట గుర్తొచ్చింది. గొట్టం ఒట్టి గొట్టమే, పాట పుట్టేదంతా మూతిలోనే. వేడినీళ్ళలో ముంచితే జిగురు మెత్తబడి మూతి ఊడొస్తుంది, దేనిది దేనికైనా తగిలించుకోవచ్చు. గీతలు గొట్టాలకున్నాయి, మూతులకు లేవు. మోసం చేసేవాడు చెయ్యిపెట్టేది సరిగ్గా ఇలాంటిచోటే. తాళాలు విప్పే చేతులకి ఇదొక పనా? ఒళ్ళు నాకిచ్చి ప్రాణం వాడుంచుకున్నాడు అనుకున్నాడు.

అనుకున్నది మొదలు అన్నీ సాక్ష్యాల్లాగే కనిపించసాగాయి. పెట్టెలు తనే సర్దుతానని తమ్ముడెందుకు పట్టుబట్టినట్టు? మరదలు ప్రతిసారీ గుమ్మందాకా వచ్చి సాగనంపుతుందేం? అతి వినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారా? నెలరోజులు అటువైపు వెళ్ళకపోతే తమ్ముడే ఫోను చేసి, నామీద కోపం వచ్చిందా అన్నా అని అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కదా అనుకుని, ఏం లేదని పెట్టేశాడు.

భార్య విని విని విసుగెత్తింది.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట మీలాంటివాడే. దొంగని పట్టుకున్నట్టు ఊదుతారు, అది కీచుమనక ఏం చేస్తుంది? అంత అనుమానముంటే అడగండి. మీ తమ్ముడే కదా."

అడగడమా? సర్వీసులో ముందుగా కబురుపెట్టి తనిఖీకి వెళ్ళింది ఏనాడైనా ఉందా? పైగా, అడిగితే ఏదో ఒక జవాబు చెబుతాడు. దాన్ని నమ్మాలో వద్దో మళ్ళీ తనే తేల్చుకోవాలి. రాత్రీ పగలూ అదే ఆలోచన. తెలియక జరిగితే పోనీ అనుకోవచ్చు. తెలిసి చేసుంటే మాత్రం తనకి తమ్ముడు లేడు.

ఒక మధ్యాహ్నం, తమ్ముడు కొట్లో ఉండే వేళ చూసుకుని, నల్లగీతదాన్ని చొక్కా లోపల దోపుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. మరదలు కుర్చీ వేసింది. గొంతు పట్టేసింది, గ్లాసుడు వేడినీళ్ళిమ్మన్నాడు. పాపం, బాగా మరగకాచి తెచ్చిచ్చి, మేడ మీద బట్టలు తీసుకొస్తానని వెళ్ళింది. ఎర్రగీతదాన్ని తమ్ముడు సాయంత్రాలే కొట్టుకి పట్టుకెళ్తాడని ఇన్‌స్పెక్టరుకి తెలుసు. పెట్టె ఎప్పుడూ ఉండే అలమరలోనే ఉంది, గొళ్ళెమైనా పెట్టలేదు. రెండు మూతులూ గ్లాసులో ముంచి, అరవై లెక్కపెట్టి, మెలితిప్పి లాగితే ఊడొచ్చాయి. అటుది ఇటు, ఇటుది అటు తగిలించాడు. ఎర్రగీతది పెట్టెలో పెట్టి తలుపు మూసేలోగా మెట్ల మీద చప్పుడైంది. అయ్యో, ఇంకా తాగలేదా బావగారూ అంటూ మరదలు అక్కడే నిలబడింది. ఇక తప్పలేదు. జిగురు వాసన కొడుతున్న ఆ నీళ్ళు చుక్క మిగల్చకుండా తాగి, ఇప్పుడు హాయిగా ఉందమ్మా అన్నాడు.

దారి పొడుగునా, దొంగతనం కాదిది, తప్పుడు తూకం సరిచెయ్యడం అని నాలుగుసార్లు తనకి తానే చెప్పుకున్నాడు. ఇంటికి రాగానే తలుపేసుకుని ఊదాడు.

పిల్లి మళ్ళీ అరిచింది.

వారం రోజులు ఊదాడు, వారమూ అరిచింది. పోనీ తమ్ముడిదైనా చెడిందా అని కొట్టు ముందునుంచి నడిస్తే, అది మునుపటిలాగే హాయిగా పాడుతోంది. ఇంకెవరైనా అయితే తప్పు మూతిలో లేదు, నా మూతిలోనే ఉందని ఒప్పుకునేవారు. ఇన్‌స్పెక్టరు అంత తేలిగ్గా లొంగుతాడా? ఇందులో ఇంకేదో కిటుకు ఉంది, గొట్టాలు కూడా మార్చి గీతలు గీశాడేమో అన్నదాకా వెళ్ళాడు.

ఎనిమిదో రోజు పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. చేతిరుమాల్లో చుట్టిన పిల్లంగోవిని బల్లమీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది. వదిన కాఫీ తెస్తానంటే వద్దన్నాడు. పట్టుబడ్డానని ఇన్‌స్పెక్టరు అనుకున్నాడు. ఏం చెప్పాలో, ఎలా ఎదురుతిరగాలో మనసులోనే సిద్ధం చేసుకున్నాడు.

"అన్నా, నావల్ల పెద్ద పొరపాటైపోయింది," అన్నాడు తమ్ముడు. "నాన్న వాయించుకున్న మూతి నీకే చెందాలని నీ పెట్టెలో పెట్టాననుకున్నాను. పెట్టినట్టు గుర్తు కూడా ఉంది. నిన్న వాయిస్తుంటే పెదవికి తగిలింది. చూస్తే నాన్న మూతి నాదగ్గరే ఉంది."

తిప్పి చూపించాడు. మూతి అడుగువైపు చిన్న పంటిగాటు ఉంది. తాళంచెవులు ఆకురాయితో రాకేటప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటే, పిల్లంగోవిని కింద పెట్టబుద్ధి కాక నాన్న పళ్ళతో పట్టుకునేవాడట. రోజూ పట్టీ పట్టీ అక్కడ గాటు పడిందట. ఇన్‌స్పెక్టరు ఆ గాటు వంక చూస్తూ ఉండిపోయాడు. తనదాన్ని తూచాడు, కొలిచాడు, కన్నాలకి దారం పెట్టి చూశాడు. ఏడాదిపాటు రోజూ నోట్లో పెట్టుకున్నాడుగానీ, ఒక్కసారైనా అడుగువైపు తిప్పి చూసిన పాపాన పోలేదు. తమ్ముడు ఇచ్చినది నాన్నది. ఇచ్చినదాన్ని తనే దొంగతనంగా తీసుకెళ్ళి వాడి పెట్టెలో పెట్టి, మామూలు మూతి ఒకటి ఎత్తుకొచ్చుకున్నాడు.

తమ్ముడు వదినని అడిగి వేడినీళ్ళు తెప్పించుకున్నాడు. ఎర్రగీతదాన్ని ముంచి మూతి ఊడదీశాడు. నల్లగీతదాన్ని చేతిలోకి తీసుకుని ఇంకా ముంచకముందే దాని మూతి ఊడొచ్చింది. ఒక్క క్షణం దాని వంక చూశాడు.

"పాతబడిపోయిందిలే జిగురు," అన్నాడు తమ్ముడు.

నాన్న మూతిని నల్లగీత గొట్టానికి తగిలించి, చుట్టూ కొత్త జిగురు రాసి, గుడ్డతో తుడిచి అన్న చేతిలో పెట్టాడు. పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు.

"నువ్వు పట్టగానే కనిపెట్టే ఉంటావు, నీ కళ్ళనుంచి ఏం తప్పించుకుంటుంది? అయినా రెండేళ్ళు పల్లెత్తు మాట అనలేదు. ఇంకెవరైనా అయితే, కొట్టుతోపాటు ఇది కూడా నొక్కేశాడని అనుమానించేవాళ్ళే. నువ్వు కాబట్టి సరిపోయింది. నన్ను క్షమించు అన్నా."

గోడకి ఆనుకుని నిలబడ్డ భార్య మొగుడి వంక చూసింది. ఆవిడకి వేడినీళ్ళ సంగతి తెలియదుగానీ, మొగుడి మొహం తెలుసు. ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరికి వచ్చింది కూడా. ఎదురుగా తమ్ముడు చిన్నప్పుడు దెబ్బలకి నిలబడినట్టు నిలబడి ఉన్నాడు.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుందిలేరా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తమ్ముడి మొహం విప్పారింది. కాఫీ అడిగి మరీ తాగాడు, వదినతో పరాచికాలాడాడు, ఎర్రగీతదాన్ని రుమాల్లో చుట్టుకుని మెట్లు దిగాడు. ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. కింద వీధిలో తమ్ముడు ఇంకా కనిపిస్తూనే ఉన్నాడు. ఒరేయ్, ఆగరా అంటే ఆగేవాడే. వాడు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడుగానీ, పిలవలేదు.