నూటయాభైతో అయిపోయిన టేపు

మిలటరీ క్యాంపు స్టోరాయన మూటని కౌంటరు మీద పడేసిన తీరుకే దర్జీ మాస్టరుకి సగం సంగతి అర్థమైపోయింది. నిన్న సాయంత్రం ఇస్త్రీ మడత నలగకుండా వెళ్ళిన నలభై జతల యూనిఫారాలు, ఇవాళ పొద్దున తొమ్మిది కొట్టకముందే దుప్పట్లో మూటకట్టుకుని తిరిగొచ్చాయి.

"మాస్టారూ, ఇవి మా కుర్రాళ్ళకి కుట్టారా, వాళ్ళ మేనమామలకి కుట్టారా?" అన్నాడు స్టోరాయన. "ఒక్కటంటే ఒక్కటి సరిపోతే ఒట్టు. అన్నీ వదులే."

మాస్టరుకి చర్రుమంది. ఆయనకి మరీ అంత పొగరు లేదు గానీ, ఉన్న కాస్తా కొలతల దగ్గరే ఉంది. కుట్టు బాగాలేదంటే ఊరుకుంటాడు, ఆలస్యమైందంటే నవ్వేస్తాడు, కొలత తప్పిందంటే మాత్రం మూడు రోజులు అన్నం సహించదు.

"మీరు రాసిచ్చిన లెక్కే కదండీ కుట్టాను. ఛాతీ వంద సెంటీమీటర్లని రాశారు, వందే కోశాను."

"అయితే చూడండి." స్టోరాయన జేబులోంచి ఉక్కు టేపు తీసి ఒక చొక్కా మీద పరిచాడు. నూటఒకటిన్నర. ఇంకో చొక్కా. అదీ అంతే. మాస్టరు మెడలోని గుడ్డ టేపు లాగి ఉక్కు టేపు పక్కన పెట్టాడు, ఇనుముదే తప్పని నిరూపిద్దామని. గుడ్డ టేపు మీద వంద ఉన్న చోట, ఉక్కుది నూటఒకటిన్నర చూపిస్తోంది.

 తప్పెక్కడుందో ఆయనకి చూస్తూనే తెలిసిపోయింది. కత్తెర ఎవరూ పట్టుకుపోకుండా దాన్ని టేపు కొసకి ముడేసి, షాపు కట్టేశాక రెండింటినీ కలిపి మేకుకి వేలాడదీయడం ఆయన అలవాటు. అరకిలో కత్తెర. ఏళ్ళ తరబడి రాత్రంతా అది వేలాడుతూ టేపుని కిందికి లాగుతూనే ఉంది. ఇన్నాళ్ళూ బయటపడలేదంటే కారణం ఉంది. క్యాంపు కుర్రాళ్ళు షాపుకే వచ్చేవారు. ఆ టేపుతోనే కొలిచి, ఆ టేపుతోనే కోస్తే తప్పుకి తప్పు సరిపోయేది. ఈ నెల కొండ అవతల, సరిహద్దు దగ్గర తుపాకులు మోగడంతో సెలవులన్నీ రద్దు చేసి, క్యాంపు గేటు దాటి ఎవరినీ రానివ్వలేదు. అందుకే కొలతలు కాగితం మీద వచ్చాయి.

"నా తప్పేనండీ," అన్నాడు మాస్టరు. ముప్పై ఏళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

స్టోరాయన మెత్తబడ్డాడు. "సర్లెండి. పక్క కుట్లు లోపలికి తీసేయండి చాలు. రేపు పొద్దున్నే లారీలు బయల్దేరతాయి, ఆలోపు కావాలి," అని జీపెక్కి వెళ్ళిపోయాడు.

మాస్టరు టేపుని చేతికి చుట్టుకుంటూ ఉండిపోయాడు. లోపలి గదిలో కూతురు కాజాలు కుడుతున్న మిషను టకటకలాడుతోంది. ఆ చప్పుడు వింటూ ఉండగా ఆయనకి ఇంకో సంగతి తట్టింది. ఇదే టేపుతో, మూడు వారాల కిందట, ఆయన కూతుర్ని కొలిచాడు.

కూతుర్ని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. మనిషి పిట్టంతే ఉంటుంది గానీ, గొంతు విప్పితే వీధి చివర వినిపిస్తుంది. తల్లి చిన్నప్పుడే పోతే, మాస్టరుగారి అక్కయ్య పెంచింది. ఆ పిట్టకి పదిహేనేళ్ళప్పటి నుంచీ ఒకటే పిచ్చి, సైన్యంలో చేరాలని. ఆడపిల్లల్ని తీసుకుంటారని ప్రకటన పడ్డ రోజు ఆ కాగితం పట్టుకుని ఇల్లంతా గంతులేసింది. ఎత్తు నూటయాభైరెండు సెంటీమీటర్లు ఉండాలి. మాస్టరు ఆమెని గుమ్మానికి ఆనించి, నేల నుంచి టేపు పైకి లాగాడు. టేపు నూటయాభైతో అయిపోతుంది. ఆ పిల్ల నడినెత్తి కూడా సరిగ్గా అక్కడే అయిపోయింది. రెండు సెంటీమీటర్లు తక్కువ. ఆ రోజు పిట్ట అన్నం తినలేదు. మాస్టరు మాత్రం తిన్నాడు, మళ్ళీ వడ్డించుకుని మరీ తిన్నాడు.

ఇప్పుడు ఆయన వేళ్ళ మీద లెక్క వేశాడు. వందకి ఒకటిన్నర. నూటయాభైకి రెండుంపావు. అంటే పిట్ట నూటయాభైరెండుంపావు. ఒకటికి రెండుసార్లు వేసినా లెక్క మారలేదు.

భర్తీ పక్క పేటలోని స్కూలు మైదానంలోనే జరుగుతోంది. ఇవాళే ఆఖరు. పన్నెండింటికి గేటు మూసేస్తారు. వచ్చే నెలకి పిట్టకి వయసు కూడా దాటిపోతుంది. గోడ గడియారం తొమ్మిదింపావు చూపిస్తోంది. మూడు గంటలు నోరు మూసుకుంటే చాలు, ఆడపిల్ల జన్మంతా కళ్ళముందే ఉంటుంది.

ఆయన పిరికివాడేమీ కాదు. యూనిఫారం కుట్టి కుట్టి ఆయనకి తెలిసిన సంగతి ఒకటుంది. అప్పుడప్పుడూ స్టోరాయన వచ్చి, ఆర్డరు జాబితాలో ఒక పేరు మీద అడ్డగీత కొట్టి, "ఇది ఇంక వద్దులెండి" అంటాడు. ఎందుకని మాస్టరు అడగడు. అప్పటికే కోసి ఉంచిన ముక్కల్ని విడిగా తీసి, అటక మీద ట్రంకు పెట్టెలో పెడతాడు. వాటిని ఇంకొకరికి కుట్టడానికి చెయ్యి రాదు. పెట్టెలో ఇప్పటికి పదకొండు జతల ముక్కలున్నాయి. ఆ పెట్టె సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పిట్ట మిషను ఆపి బయటికొచ్చింది. మూట చూసి కళ్ళు పెద్దవి చేసింది. "ఇవెందుకు తిరిగొచ్చాయి నాన్నా?"

"వదులయ్యాయట. బట్ట సాగింది," అన్నాడు మాస్టరు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే ఆయనకే ఆశ్చర్యమేసింది.

"అంతే అయ్యుంటుంది. నీ కొలత తప్పే ప్రసక్తే లేదు." పిట్ట మూట విప్పి, సగం తన మిషను పక్కన పెట్టుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. మాస్టరు రెండో మిషను ముందు కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు పట్టింది.

పది కొట్టింది. అక్కయ్య టీ తెచ్చింది. ఆవిడ మొగుడు ఇరవై రెండేళ్ళు సైన్యంలో పనిచేసి, ఒంటి మీద గీత పడకుండా రిటైరయ్యి, ఇంట్లో బాత్రూములో జారిపడి పోయాడు. అందుకే ఎవరైనా సైన్యం అంటే భయపడితే ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

"తుపాకీ ఏం చేసిందిరా మా ఆయన్ని? సబ్బుబిళ్ళ చంపింది," అంది ఆవిడ, ఎవరూ అడక్కుండానే. "రెండు సెంటీమీటర్ల కోసం పిల్ల బతుకు ఆగిపోయింది. ఇంకాస్త జీడిపప్పు పెట్టి పెంచాల్సింది నేను."

"ఊరుకో అక్కా," అన్నాడు మాస్టరు. టీ నాలుక మీద చురుక్కుమంది.

పదిన్నరకి ఎదురుగా ఉన్న మందుల షాపాయన పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆయనకి దేశభక్తి దండిగా ఉంది. ఇద్దరు కొడుకులున్నారు, ఇద్దరూ షాపులో గల్లాపెట్టె దగ్గరే ఉంటారు, వాళ్ళకి దుమ్ము పడదని ఆయన చెబుతాడు.

"చూశారా మాస్టారూ, రాత్రి మళ్ళీ కాల్పులు. ఈసారి ఊరుకోకూడదండీ. ఇంటికొకడు కదలాలి!"

"మీ ఇంట్లోంచి ఎవరు కదులుతున్నారు అంకుల్?" అంది పిట్ట, కుట్టు మీంచి తలెత్తకుండా.

అక్కయ్య కిసుక్కున నవ్వింది. మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "మావాళ్ళకి దుమ్ము పడదు కదమ్మా. నువ్వేమో వెళ్తానని ఊరంతా టాంటాం వేశావు, ఇవాళ ఆఖరు రోజట, ఇక్కడే కూర్చున్నావేం? భయమేసిందా?"

పిట్ట చేతిలో పని ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొంతు పెంచలేదు. "భయం కాదండీ. నాన్న కొలిచాడు, రెండు తక్కువొచ్చింది. వేరేవాళ్ళు కొలిస్తే, ఏమో, ఒకసారి వెళ్ళి చూద్దామనుకునేదాన్ని. నాన్న కొలిచాక ఇంక చూసేదేముంది?"

మాస్టరు మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. పిట్ట మళ్ళీ కుట్లు విప్పుతోంది, ఆ సంగతి అక్కడితో అయిపోయినట్టే. మందుల షాపాయన పేపరు తిప్పాడు. గడియారం పదకొండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"లే," అన్నాడు మాస్టరు.

"ఏంటి నాన్నా?"

"లేవవే తల్లీ! టేపు సాగిపోయింది. బట్ట కాదు, టేపు! నువ్వు నూటయాభైరెండుంపావు ఉన్నావు!"

ఒక్క క్షణం ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. తర్వాత అందరికీ ఒకేసారి ఆడాయి. అక్కయ్య సర్టిఫికెట్ల కోసం బీరువా మీద పడింది. పిట్ట ఒళ్ళో ఉన్న చొక్కా ఎగిరి మందుల షాపాయన నెత్తిన పడింది. మాస్టరు స్కూటరు తాళం కోసం జేబులన్నీ తడుముకుంటుంటే, అది ఆయన చేతిలోనే ఉందని అక్కయ్య అరిచింది. పిట్ట ఇంట్లో తిరిగే చెప్పులతోనే వెనక ఎక్కేసింది.

పెద్దరోడ్డు మీదికి రాగానే వేరే ఊరి నుంచి సరిహద్దుకి పోతున్న మిలటరీ లారీలు అడ్డం తగిలాయి. ఒకటి కాదు రెండు కాదు, కంటికి ఆనినంత మేర లారీలే. పోలీసు ఈల వేసి చెయ్యి అడ్డం పెట్టాడు. పదకొండుంపావు. మాస్టరు హారను కొట్టి కొట్టి వేలు నొప్పెట్టింది. పదకొండున్నర అయినా వరస తరగలేదు.

"దిగు నాన్నా, పరుగెత్తుదాం!"

స్కూటరుని ఒక సైకిలు షాపు ముందు పడేసి, లారీకీ లారీకీ మధ్య సందు దొరగ్గానే అవతలికి దూకారు. లారీ డ్రైవరు ఒకడు ఏదో తిట్టాడు. సందుల్లోంచి, ఆరేసిన దుప్పట్ల కిందనుంచి, ఎవరి పెరట్లోంచో కూడా వెళ్ళారు. మాస్టరు యాభై ఆరేళ్ళ కాళ్ళు ఎప్పుడో మొరాయించాలి, మొరాయించలేదు. పిట్ట ముందు, ఆయన వెనక. గేటు దగ్గర సిపాయి గొలుసు చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఆగండాగండి!" అని పిట్ట పెట్టిన కేకకి సిపాయి గొలుసు వదిలేశాడు. పన్నెండుకి నాలుగు నిమిషాలు తక్కువ.

లోపల గోడకి ఎత్తు కొలిచే చెక్క ఉంది. దాని ముందు కళ్ళజోడు ఆఫీసరమ్మ. "జుట్టు విప్పు," అంది ఆవిడ. పిట్ట ముడి లాగేసింది. మడమలు గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టింది. అడ్డచెక్క నెమ్మదిగా దిగి నెత్తికి తాకింది. ఆఫీసరమ్మ వంగి చూసింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. మాస్టరు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడ తక్కువొస్తే బావుండునని మనసు ఒకపక్క మొక్కుకుంటూనే ఉంది, ఆయన దానికి సిగ్గుపడలేదు.

"నూటయాభైరెండు. పైన ఒక గీత. పాస్. నంబరు కట్టండి, పరుగు ఇప్పుడే."

పదహారువందల మీటర్లు. మైదానం చుట్టూ నాలుగు చుట్లు, ఎనిమిది నిమిషాల్లోపు. పెద్దరోడ్డు నుంచి ఇక్కడిదాకా పరుగెత్తి వచ్చిన పిల్ల, చెప్పులు గేటు పక్కన వదిలేసి, ఉత్త కాళ్ళతో గీత మీద నిలబడింది. మిగతావాళ్ళంతా బూట్లతో ఉన్నారు.

మొదటి చుట్టు అందరికంటే వెనక. రెండో చుట్టులో ఇద్దర్ని దాటింది. మూడో చుట్టులో ఎడమకాలు ఈడుస్తోంది. మాస్టరుకి కనిపించింది, మడమ దగ్గర ఎర్రగా ఉంది. పడిపోతుంది, పడిపోతే ఇంటికి తీసుకుపోవచ్చు, మందు రాయొచ్చు, ఈ గోల ఇంతటితో వదిలిపోతుంది. ఆఫీసరమ్మ గడియారం చూస్తూ అరిచింది: "ఆరు నిమిషాల పది!"

"పరుగెత్తవే!"

ఎవరు అరిచారా అని పక్కవాళ్ళు తిరిగి చూశారు. మాస్టరు కూడా చూడబోయి, అరిచింది తనేనని తెలుసుకున్నాడు.

"పరుగెత్తవే నా తల్లీ! చేతులు ఊపు! ఆ పొడుగుదాన్ని దాటు! దాటవే!" కిటికీ దగ్గర్నుంచి కంచెదాకా వచ్చేశాడు, కంచె వెంబడే తనూ పరుగెడుతున్నాడు. చొక్కా గుండీ తెగి ఎటో పోయింది. గొంతు బొంగురుపోయినా అరుస్తూనే ఉన్నాడు. పిట్ట తండ్రి వైపు ఒక్కసారి చూసింది, పళ్ళు బిగించింది, ఆఖరి మలుపులో పొడుగమ్మాయిని దాటేసి గీత మీద పడిపోయింది.

"ఏడు నిమిషాల యాభై రెండు!"

కాసేపటికి కంచె ఇవతలికి వచ్చి నేల మీద కూలబడింది పిట్ట. మాస్టరు ఆమె కాలు ఒళ్ళో పెట్టుకుని చేతిరుమాలు కడుతున్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, రెండూ ఒకేసారి.

"నాన్నా," అంది పిట్ట రొప్పు తగ్గాక. "స్టోరాయన తొమ్మిదికి వచ్చాడు కదా. టేపు సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

రుమాలు ముడి సగంలో ఆగింది. ఇంకో అబద్ధం నాలుక మీదిదాకా వచ్చింది.

"అప్పుడే తెలిసింది," అన్నాడాయన. "పన్నెండు దాటేదాకా చెప్పకూడదనుకున్నాను. నువ్వు నన్ను నమ్మి ఇంట్లో కూర్చున్నానన్నావు చూడు, అక్కడ నావల్ల కాలేదు."

 పిట్ట లాగేసుకుంటుందనుకున్న కాలు ఆయన ఒళ్ళోనే ఉంది. అవతల ఆఫీసరమ్మ నంబరు పెట్టి పిలిచింది, డాక్టరు పరీక్షకి రమ్మని.

"నాకు ఒళ్ళు మండిపోతోంది నాన్నా," అంది పిట్ట లేస్తూ. "ఇప్పుడు టైము లేదు. సాయంత్రం ఇంటికొచ్చి తిడతాను నిన్ను."

"తిట్టు," అన్నాడు మాస్టరు. ఆ బొంగురు గొంతు కుంటుకుంటూ వెళ్తున్న పిల్లకి వినిపించాలని మళ్ళీ అరిచాడు. "ఎన్నేళ్ళయినా తిట్టు తల్లీ! కానీ ప్రతిసారీ ఇంటికొచ్చే తిట్టు!"