నాడి ఉన్న రబ్బరు చెయ్యి

పొద్దున తొమ్మిదింటికి తలుపు తీయగానే ఆడవాళ్ళంతా తెల్లకోట్లు వేసుకుని, చేతులు కడుక్కుని, ముందుగా రబ్బరు చేతి నాడి చూసేవారు. అమెరికాలోని మా టొలీడో ఊళ్ళో పాత బౌలింగ్ హాలును అడ్డగోడతో రెండు చేసి, ఒకవైపు లాండ్రీ, రెండోవైపు ఆ ప్రైవేటు కాలేజీ పెట్టారు. అక్కడ మెడికల్ అసిస్టెంట్ కోర్సు చెప్పేవారు. సూది గుచ్చడం నేర్చుకోవడానికి ఉన్నది ఆ ఒక్క చెయ్యే. దానికి నాడి కొట్టుకునేది. ఎందుకని ఎవరూ అడగలేదు, నాడి ఆడించే యంత్రం వేరే కొనే ఖర్చు తప్పిందని డైరెక్టరు హాల్డేన్ మాత్రం మురిసిపోయాడు. దాని ఎదుట ఎవరైనా అబద్ధమాడితే నాడి తడబడేది. అందుకే ఆడవాళ్ళు మొగుళ్ళ సంగతులు కాఫీ మిషను దగ్గరే మాట్లాడుకునేవారు.

రెనీటా కూంబ్స్ కోళ్ళ ఫ్యాక్టరీలో పని మానేసి ఇక్కడ చేరింది. వాళ్ళ నాన్న వంటింట్లో కూలిపోయినప్పుడు, అంబులెన్స్ వచ్చేదాకా ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి చూశారే తప్ప, ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియలేదు. ఇంకెప్పుడూ అలా నిలబడకూడదనే ముప్పై వేల డాలర్ల సర్కారు అప్పు నెత్తికెత్తుకుంది. ఆస్పత్రిలో రోగుల దగ్గర శిక్షణ ఇప్పిస్తామని చేరేటప్పుడు చెప్పారు. కోర్సు అయిపోవచ్చింది గానీ ఆస్పత్రి గడప తొక్కింది లేదు.

ఆ మంగళవారం విద్యాశాఖ నుంచి తనిఖీకి వస్తున్నారని కబురు. తెల్లారేసరికి లారీలో మైక్రోస్కోపులు దిగాయి. అద్దెకిచ్చిన కంపెనీ చీటీలు హాల్డేనే స్వయంగా గోళ్ళతో గీకాడు. అరువు సొమ్ము బరువు చేటంటారు, ఆయన మాత్రం ఒక్క చీటీ మిగలనివ్వలేదు.

"ఆస్పత్రికి వెళ్ళామని చెప్పండి, చాలు," అన్నాడు అందర్నీ వరసగా నిలబెట్టి. "కాదన్నారో, రేపు ఈ తలుపుకి తాళం పడుతుంది. సర్టిఫికెట్ రాదు. అప్పు మాత్రం ఎక్కడికీ పోదు. చచ్చేదాకా మీ జీతంలోంచి కోసుకుంటూనే ఉంటారు." రబ్బరు చేతిని అల్మారాలో దాచెయ్యమని కూడా చెప్పాడు.

పక్క బెంచీ లూపే బారియోస్ రెనీటా మోచెయ్యి పట్టుకుంది. "నీ నోరు అసలే ఆగదు. ఇవాళ్టికి కుట్టేసుకోవే తల్లీ. సర్టిఫికెట్ రాకపోతే నా పిల్లలకి ఏం పెట్టను?"

"నేనేమన్నా ధీరురాలినా? అడిగితే ఆయన చెప్పమన్నదే చెప్తాను."

తనిఖీకి వచ్చిన స్ట్రౌడ్ మేడమ్ పొట్టి మనిషి, తడిసిన గొడుగుతో లోపలికొచ్చింది. మైక్రోస్కోపుల వైపు కన్నెత్తి చూడలేదు. "సూది దేనిమీద నేర్పుతున్నారు? తీసుకురండి," అంది. చెయ్యి బల్ల మీదికొచ్చింది. స్ట్రౌడ్ కళ్ళు గది చుట్టూ తిరిగి రెనీటా దగ్గర ఆగాయి.

"నాడి చూడమ్మా."

రెనీటా రెండు వేళ్ళు ఆనించి లెక్కపెట్టసాగింది. నాడి నిదానంగా కొట్టుకుంటోంది.

"ఆస్పత్రిలో రోగులకి ఇలా చూశావా?"

గుమ్మంలో హాల్డేన్ టై సర్దుకున్నాడు.

"చూశాను మేడమ్. చాలామందికి."

వేళ్ళ కింద నాడి ఆగిపోయింది. ఎప్పటిలా తడబడలేదు, పూర్తిగా ఆగిపోయింది. రెనీటాకి పైప్రాణాలు పైనే పోయాయి.

"లెక్క ఆపావేం?"

"నాడి... లేదు మేడమ్."

"అయితే ఇప్పుడేం చెయ్యాలి?"

గదినిండా తెల్లకోట్లు. ఒక్కరూ కదల్లేదు. వెనక ఎవరో పుస్తకం పేజీలు గబగబా తిప్పుతున్నారు.

"బ్యాటరీ అయిపోయుంటుంది," అన్నాడు హాల్డేన్. దానికి బ్యాటరీ లేదని అందరికీ తెలుసు.

"గుండె నొక్కాలే, టీవీలో చూశాను," లూపే గుసగుసలాడింది.

"ఎక్కడ నొక్కను? మనకిచ్చింది చెయ్యొక్కటేగా!"

రబ్బరు చల్లబడుతోంది. నాన్న చెయ్యి కూడా ఇలాగే చల్లబడింది. అప్పుడూ ఇలాగే చుట్టూ మనుషులు. అంత అప్పు చేసి మళ్ళీ అదే చోట నిలబడ్డానని తెలిసేసరికి ఆమెకి హాల్డేన్ కన్నా, అప్పు కన్నా, తన రెండు చేతుల్ని చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

"తెలీదు మేడమ్," అంది. "మాలో ఎవరికీ తెలీదు. మేం ఆస్పత్రి మొహం చూడలేదు. రేపు మా ముందు నిజంగా మనిషే పడిపోతే, ఇలాగే నిలబడతాం."

"ముంచేశావు కదే," అంటూ లూపే కూలబడింది.

ఎంతసేపటికో వేళ్ళ కింద ఒక్క దెబ్బ తగిలింది. తర్వాత ఇంకొకటి.

నెల తిరక్కుండా కాలేజీ మూతపడింది. ఆ చలికాలమంతా ఫోను మోగితే అప్పువాళ్ళేమోనని రెనీటా ఉలిక్కిపడేది. మోసపోయినవాళ్ళ అప్పు సర్కారు మాఫీ చేస్తుందన్న సంగతి హాల్డేన్ చెప్పలేదు మరి. చివరికి అందరి అప్పూ పోయింది. అన్నాళ్ళూ మాట్లాడని లూపే ఆ రోజు ఫోన్ చేసి, ఏడుస్తూ, "తిట్టినవాటిలో సగం వెనక్కి తీసుకుంటున్నానే," అంది.

ఆకులు రాలే రోజుల్లో రెనీటా జిల్లా సర్కారు కాలేజీలో మొదటినుంచి చేరింది. అక్కడి రబ్బరు చేతికి నాడి లేదు. నేలమీద మాత్రం తల నుంచి కాళ్ళదాకా ఒక మనిషి బొమ్మ పడుకుని ఉంది. నాడి ఆగితే ఏం చెయ్యాలో ఎవరికి తెలుసని టీచరు అడిగింది. సగంమంది చేతులెత్తారు.

"నాకు తెలీదు మేడమ్, నేర్పండి," అంది రెనీటా.

"రా. మోకాళ్ళ మీద కూర్చో. రెండు చేతులూ ఇక్కడ పెట్టు."

మిగతావాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. రెనీటా మోకాళ్ళ మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది.