నాలుగో మూల

భద్రు మూడో మూల నుంచి కుంకుడు గింజను వదిలాడు. గరుకు నల్లబండల మీద టకటకమంటూ దొర్లి, నీళ్లు పోయే జాలీ దగ్గర ఆగింది. దాన్ని తీసుకుని మోకాళ్ల మీదే నాలుగో మూలకు పాకాడు. కుళాయి కింద, స్నానానికి పీట వేసే చోటు అది. అక్కడ వదిలితే గింజ జానెడు దొర్లి నిలిచిపోయింది.

అంటే నీళ్లూ నిలుస్తాయి, పాచి పడుతుంది. ఈ మూల పరిచేటప్పుడే ఎడమ చేయి లాగింది. అప్పుడే వాటం తప్పినట్టుంది.

దుమ్ముగూడెం చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా స్నానాల గదులు కడుతున్నాడు. తండాలో అతని భార్య చాంది మాత్రం ఇంకా తాటాకుల చాటునే నీళ్లు పోసుకుంటుంది. వాలు చూడటానికి రసమట్టం కంటే గింజ మీదే అతనికి గురి. ఎండాకాలంలో ఇదే గదిలో, ఇంటి యజమాని వెంకటరామారావు ముచ్చటపడి తెచ్చిన గులాబీరంగు టైల్స్ నేలకు పరిచాడు. ఆ నునుపు మీద గింజ పరుగెత్తింది. కాలూ అలాగే జారుతుందని తెలిసీ, పెద్దవాళ్లతో మనకెందుకని ఊరుకున్నాడు. వానలు పడ్డాక వెంకటరామారావు తల్లి రాఘవమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ సంగతి విన్నాక భద్రుకు అన్నం సహించలేదు. తనే వచ్చి ఆ టైల్స్ పగలగొట్టాడు, ఆమె పట్టుకోవడానికి గోడకు టేకు కర్ర బిగించాడు.

ఈ సాయంత్రమే ఆమెను ఖమ్మం దవాఖానా నుంచి తెస్తున్నారు. తెల్లారితే తలంటు. ఆలోగా సిమెంటు గట్టిపడాలి.

వెంకటరామారావు గుమ్మంలో నిలబడి, కారు వచ్చే వేళయిందని, ఆ కాస్త తేడాకు ఏమీ కాదని, ఇక లేవమని రెండుసార్లు చెప్పాడు.

భద్రు తలెత్తలేదు. "మొన్న నోరు మూసుకున్న సారూ, పెద్దమ్మ పడ్డది. మల్ల మూసుకోను."

బిగుసుకుంటున్న సిమెంటులోంచి మూడు బండలు పెకలించాడు. చెమటలు ధారగా కారుతున్నాయి, ఛాతీలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది. తాపీతో అడుగు సరిచేసి, బండలు మళ్లీ కూర్చోబెట్టి, అరచేత్తో ఒక్కొక్కటీ అదిమాడు. బయట కారు హారన్ మోగింది. ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వెళ్లారు.

రాఘవమ్మను మంచం మీద పడుకోబెట్టారు. ఆమె ముందు అడిగింది భద్రు గురించే. వెంకటరామారావు అతన్ని పిలుస్తూ స్నానాల గదికి వచ్చాడు.

భద్రు గోడకానుకుని కూర్చున్నాడు. ఒక చేయి టేకు కర్రను పట్టుకునే ఉంది. రెండోసారి పిలిచినా పలకలేదు. వెంకటరామారావు వంగి భుజం తాకాడు, తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. చాందికి ఏమని కబురు పంపాలో అతనికి తోచలేదు.

నాలుగో మూల నుంచి వచ్చిన కుంకుడు గింజ జాలీ అంచున ఆగి ఉంది.